ద్రాక్షతోట పెట్టుకొని సర్పంచ్‌గా నిలబడితే: నా అనుభవం

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల వైపు ఒక చిన్న ఊరు మాది. 2025 డిసెంబర్ 14న పంచాయతీ ఎన్నికల రెండో విడతలో మా దగ్గర సర్పంచ్ ఎన్నిక జరిగింది. ముగ్గురం నిలబడితే నేను రెండోదాన్నయ్యాను. అప్పటి నుంచి ఇంటికొచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు ఒకటే అడగడం. ఎంతైంది, ఏ కాయితాలు కావాలి, ఆడవాళ్లకు ఎట్లుంటది అని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. వచ్చేసారి నిలబడదామనుకునేవాళ్లకు, ముఖ్యంగా తోటలున్నవాళ్లకు పనికొస్తుంది.

మాకు నాలుగెకరాల ద్రాక్ష ఉంది. మూడున్నర ఎకరాలు థామ్సన్ రకం, మిగతా అర ఎకరం మా మామయ్య చేత్తో నాటిన అనాబ్-ఎ-షాహీ రకం. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా ఈ పందిళ్లే ఉండేవంటారు. ఇప్పుడు ఆ పందిళ్లున్న చోటల్లా వెంచర్ల బోర్డులు. మా ఆయనకు పట్నంలో ప్రైవేటు ఉద్యోగం, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. కత్తిరింపులు, మందులు, కూలీలు, బాటసింగారం మార్కెట్లో కమీషన్ ఏజెంటుతో లెక్కలు అన్నీ చాలా ఏళ్లుగా నావే.

అసలు నిలబడాల్సింది నేను కాదు, మా మరిది. సెప్టెంబర్ 29న మొదటి షెడ్యూల్ వచ్చినప్పుడు మా ఊరు బీసీ జనరల్ కింద ఉంది. దసరా శుభాకాంక్షలంటూ ఆయన ఫ్లెక్సీలు కట్టించేశాడు. అక్టోబర్ 9న రిజర్వేషన్ల జీవో మీద హైకోర్టు స్టే ఇచ్చింది, ఎన్నికలు ఆగాయి. ఫ్లెక్సీలు వానకు నానిపోయాయి. మేం తోట పనిలో పడ్డాం. దీపావళి వెళ్లాక కాయ కత్తిరింపు చేసుకున్నాం. చిగురు పట్టే టైముకు మొంథా తుపాను వచ్చి నెలాఖరంతా ముసురు. బూజు తెగులు భయానికి తెరిపి దొరికినప్పుడల్లా మందు కొట్టడమే సరిపోయింది, ఎన్నికల మాటే మర్చిపోయాం. నవంబర్‌లో రిజర్వేషన్లు మళ్లీ తీశారు. మా ఊరు జనరల్ మహిళ అయింది. 25వ తేదీన షెడ్యూల్ వచ్చింది. మాది రెండో విడత, నామినేషన్లు నవంబర్ 30 నుంచి డిసెంబర్ 2 దాకా.

తోటికోడలి ఓటు ఆమె ఉద్యోగం చేసే ఊళ్లో ఉంది. అందుకని ఆ రాత్రి అన్నాలు తింటుంటే మరిది నా వైపు తిరిగాడు. "వదినా, పేరు నీదుంటది. తిరుగుడంత నేను జూస్కుంట" అన్నాడు. పేరు నాదైతే మాట కూడా నేనే మాట్లాడతా, మైకు కూడా నేనే పట్టుకుంటా, అట్లయితేనే నిలబడతా అన్నాను. మా ఆయన నవ్వాడు. మా అత్తమ్మ మాత్రం "తోట ఎవలు జూస్తరే?" అంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరైనా పనికొచ్చే ప్రశ్న అడిగారంటే అదొక్కటే. కత్తిరింపు అయిన నలభై రోజులకు పూత, ఆ తర్వాత పిందె, పిందె మీద జీఏ ముంచుడు, అంటే గింజ సాగే మందులో గుత్తిని ముంచడం, వెనకనే థిన్నింగ్, అంటే గుత్తిలో ఎక్కువైన గింజల్ని తీసేయడం. ఎన్నికల సంఘం షెడ్యూల్, మా థామ్సన్ షెడ్యూల్ రెండూ తేదీలతో సహా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఇక కాయితాల సంగతి. అభ్యర్థికి ఎన్నికల కోసం వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. పంట రుణం ఖాతా, ఉపాధిహామీ ఖాతా పనికిరావు. నామినేషన్లు మొదలైన నవంబర్ 30 ఆదివారం. సోమవారం బ్యాంకుకు పోతే చుట్టుపక్కల ఊళ్ల సర్పంచ్ అభ్యర్థులు, వార్డు అభ్యర్థులు అందరూ అక్కడే. నిలబడదామనే ఆలోచన ఏ మూల ఉన్నా ఖాతా ముందే తెరిచిపెట్టుకోండి. నిలబడకపోతే నష్టమేం లేదు.

కులం సర్టిఫికెట్ విషయంలో ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. నా సర్టిఫికెట్ మా నాన్న పేరుతో, పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఓటరు లిస్టులో మా ఆయన పేరు, అత్తగారింటి పేరు. హెల్ప్ డెస్కులో కూర్చున్నాయన రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కులం పుట్టుకతో వచ్చేది కదా సార్, పెళ్లితో మారదు కదా అంటే ఆయన పక్కాయన తల ఊపాడు, ఆగండాగండి అని ఎవరికో ఫోన్ చేశాడు, చివరికి సరే అన్నారు. సీటు జనరల్ మహిళదే అయినా బీసీ అభ్యర్థికి సర్పంచ్ డిపాజిట్ వెయ్యి, మిగతావాళ్లకు రెండు వేలు. వెయ్యి రూపాయల తేడా కోసం ఇంత తిప్పలెందుకు, రెండు వేలు కట్టేద్దాం అని మా మరిది గొణిగాడు. సర్టిఫికెట్ ఉండి కూడా ఎందుకు కట్టాలి?

ఇంటిపన్ను బాకీ లేదన్న రసీదు, ప్రతిపాదించే ఓటరు సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలతో స్వీయ ప్రకటన కూడా కావాలి. ఈ ప్రకటనే అసలు పని. కేసులున్నాయా, చదువెంత, ఆస్తులెన్ని, అప్పులెన్ని. నావే కాదు, మా ఆయనవి కూడా. భూమి, బంగారం, పందిరి, డ్రిప్పు ఒక వైపు రాసి, ఇంకో వైపు పంట రుణం, బంగారం మీద తెచ్చిన అప్పు, మందుల షాపులో ఉద్దెర రాశాం. అన్నేళ్ల లెక్క ఒకే కాయితం మీద చూడడం అదే మొదటిసారి. మా ఆయనా నేనూ దాన్ని చూసి కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

నామినేషన్ మా ఊళ్లో తీసుకోరు. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక సెంటరు, మాకు పక్క ఊరి పంచాయతీ ఆఫీసు. ఆఖరి రోజు, అంటే డిసెంబర్ 2న, పోయాను. పంతులు చెప్పిన టైమని అందరూ మధ్యాహ్నం దాటాకే దిగారు. సాయంత్రం ఐదుకు గేటు వేశారు. లోపలున్నవాళ్లకు టోకెన్లిచ్చి కూర్చోబెట్టారు. నన్ను పిలిచేసరికి రాత్రి తొమ్మిది దాటింది. చలి అప్పటికే మొదలైంది. ఒకామె చంటిపిల్లను ఒళ్లో వేసుకుని గోడకానుకుని కూర్చుంది, వార్డుకు వేస్తోందట. శాలువా, నీళ్ల సీసా, తినడానికేమైనా దగ్గరుంచుకోండి. గేటు దాటి బయటికి పోతే మళ్లీ లోపలికి రానివ్వరు.

3వ తేదీన పరిశీలన. నా కాయితాలు ఒప్పుకున్నారు. నేను ఊహించనిది ఆ తర్వాత జరిగింది. స్వీయ ప్రకటనలను నోటీసు బోర్డు మీద అంటించారు. సాయంత్రానికల్లా ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ద్రాక్షతోట అంటే కోట్లనుకునే ఊరు మాది. వడ్లు పండించేవాళ్లకు, కూరగాయలవాళ్లకు అప్పులుంటాయని అందరికీ తెలుసు. పందిరి కింద గుత్తులు వేలాడుతుంటే మాత్రం అది డబ్బే అనుకుంటారు. నా అప్పు చూసి నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకావిడ ఇంటికొచ్చి మరీ అడిగింది, "గింత బాకీ వెట్టుకొని మల్ల ఎలచ్చన్లకు ఎట్ల నిలబడ్డవే బిడ్డా?" అని. ఇంకొందరు ఇదంతా దొంగలెక్క, ఆస్తి దాచిందన్నారు. కోట్లున్నదన్నవాళ్లే అప్పులపాలైంది, గెలిస్తే పంచాయతీ సొమ్ము తింటుందని కూడా అన్నారు. ఏ వైపు నుంచి చూసినా తోటే అడ్డం.

4, 5 తేదీల్లో ఏకగ్రీవం మాటలు నడిచాయి. బొడ్రాయి దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. గుడి పైకప్పుకు ఎవరు ఎక్కువిస్తే మిగతావాళ్లు తప్పుకోవాలన్నది ప్రతిపాదన. పిలిచింది మా ఆయన్ని, మరిదిని. అభ్యర్థులం నలుగురం ఆడవాళ్లమే, కూర్చున్నవాళ్లలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు. నేను పోయి ఒక పక్కన నిలబడ్డాను. కుర్చీ వేయాలా వద్దా అని వాళ్లకు కాసేపు తోచలేదు. ఒక పెద్దబాపు లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆ కుర్చీ ఇచ్చినాయనే తర్వాత నాకు ఎదురు తిరిగాడు, అది వేరే సంగతి. "ద్రాక్షతోటోళ్లు, మీకేం తక్కువమ్మా, ఒక మాట అనురి" అన్నారు. నోటీసు బోర్డు మీద ఉంది కదా, చదువుకొండ్రి అన్నాను. బేరం అక్కడే తెగింది. ఒకామె విత్‌డ్రా చేసుకుంది, ముగ్గురం మిగిలాం.

6వ తేదీ మూడు గంటలకు గడువు ముగిశాక గుర్తులిచ్చారు. గుర్తు మనం ఎంచుకునేది కాదు. పేర్లను తెలుగు అక్షరాల వరసలో పెట్టి జాబితాలోని గుర్తులు వరసగా ఇచ్చేస్తారు. మొదటామెకు ఉంగరం, మూడో ఆమెకు ఫుట్‌బాల్, నడుమ నాకు కత్తెర. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు కాయితం. దాని మీద పేర్లుండవు, గుర్తులే. అంటే ఉన్న ఆరు రోజుల్లో ఊరికి నా మొహం కాదు, కత్తెర గుర్తుండాలి.

మరిది మొహం మాడ్చుకున్నాడు. కత్తెరేంది, శుభమా అని. పెళ్లికి ఉంగరం, పిల్లలకు ఫుట్‌బాల్, మాకేమో తెంపే వస్తువా అని. నాకు నవ్వొచ్చింది. థిన్నింగ్ కోసం తోటలో పనిచేసే ఆడవాళ్లందరి చేతుల్లో పొద్దంతా ఉండేది అదే కదా. గుత్తిలో గింజలు కిక్కిరిసి ఉంటే మొన సన్నగా ఉన్న చిన్న కత్తెరతో లోపలివి, పక్కవి తీసేస్తారు. మిగిలినవి ఊరతాయి. మొదటి రోజు మైకులో ఇదే చెప్పాను, మా తోటలో కత్తెర లేనిదే పండు లేదని. ఊరికి బాగానే పట్టింది. రెండో రోజుకు అవతలివాళ్లు దానికి జవాబు తయారు చేశారు, "కత్తెరకేస్తే పింఛన్లు కట్" అని. అదింకా బాగా పట్టింది.

అదే కత్తెరతో ఇంకో తమాషా అయింది. మా కూలీలు పని దిగాక కత్తెర నడుముకు చెక్కుకుని ఇంటికి పోతారు. ఎప్పుడూ అంతే. ఎవరో ఫిర్యాదు చేశారు, ద్రాక్షతోటామె ఇంటింటికీ కత్తెరలు పంచుతోందని. మర్నాడు పదకొండింటికి జీపు తోట గట్టు మీద ఆగింది. ఇద్దరు సిబ్బంది, ఒక వీడియో తీసే అబ్బాయి. పందిరి కిందికి వంగి వంగి వచ్చి, క్రేటులో ఉన్న కత్తెరలన్నీ బయట పోయించారు. ద్రాక్ష జిగురుకు నల్లబడ్డవి, పిడికి పాత చీరపేలిక చుట్టినవి, ఒకదానికి స్క్రూ బదులు తీగ ముక్క. ఒక్కటీ కొత్తది లేదు. వరసలో ఉన్న ఒకామె గుత్తి వదలకుండానే, "సారూ, ఇది మూడేండ్ల సంది నా తాన్నే ఉన్నది. ఓటుకియ్యలే, కూలికిచ్చింది" అంది. వాళ్లకూ నవ్వాగలేదు. ఫొటో తీసుకుని, పోలింగ్ అయ్యేదాకా బయటికి తీసుకుపోవద్దని చెప్పి పోయారు. ఆ రోజు నుంచి సాయంత్రం కత్తెరలు లెక్కపెట్టి షెడ్డులో పెట్టి తాళం వేశాం.

కూలీల సంగతి ఇంకా గమ్మత్తు. తోటలో రోజంతా చేతులెత్తి పనిచేస్తే ఐదు వందలు. ప్రచారంలో పూటకు జెండా పట్టుకు తిరిగితే ఇంచుమించు అంతే, పైన బిర్యానీ పొట్లం. ఎవరొస్తారు తోటకు? 8వ తేదీ కల్లా వరసలు సగం ఖాళీ. అటు పిందె జీఏ ముంచే సైజుకొచ్చి కూర్చుంది. ఈ పని రేపు చేద్దామంటే కుదరదు. పిందె సైజు దాటితే ముంచినా గింజ సాగదు. మగ్గులో మందు పోసుకుని ఒక్కో గుత్తినీ నిండా ముంచి, వదిలి, నీళ్లు నిలవకుండా తీగను మెల్లగా తట్టాలి. నేనూ అత్తమ్మా పొద్దున ఆరింటికి దిగి తొమ్మిదిన్నర దాకా ముంచేవాళ్లం. తర్వాత స్నానం చేసి చీర మార్చి ప్రచారం, మళ్లీ నాలుగింటికి తోట, చీకటి పడ్డాక మళ్లీ ఇంటింటికీ. ఒక మధ్యాహ్నం మా గల్లీలోంచి ఫుట్‌బాల్ ఊరేగింపు పోయింది. డప్పుల వెనక ముందు వరసలో ఉన్నది మా తోట వాళ్లే. నన్ను చూసి ఒకామె జెండా కొంచెం కిందికి దించింది. "అక్కా, రేపు పొద్దుగాల వస్త" అంది. మర్నాడు నిజంగానే వచ్చింది. ఆమెను నేనేమీ అనలేదు, అనడానికేముంది? కూలి కూలే.

అయితే యజమానురాలిగా నాకు అర్థమైన సంగతొకటుంది. ఇన్నేళ్లుగా పనిచేస్తున్నారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు, ఈ ఓట్లు మనవేనని లెక్కేసుకుంటాం. రోజూ కూలిచ్చే మనిషి ముందు ఎవరూ కాదనరు, అందరూ "నీకే అక్కా" అంటారు. ఆ మాటకు విలువ కట్టుకోవద్దు. ఏనాడూ తోట మొహం చూడని ఇళ్లలో "చూస్తం" అన్న మాటే ఎక్కువ నిజం. రాత్రి నేను లెక్క రాసుకునేటప్పుడు "నీకే" అన్నవాళ్లను పక్కన పెట్టి, "చూస్తం" అన్నవాళ్లనే కూడేదాన్ని. కౌంటింగ్ రోజు వచ్చిన అంకె ఆ కూడికకే దగ్గరగా ఉంది.

ఇంటింటికీ తిరిగితే ఊరు అడిగింది నీళ్లు, లైట్లు, మోరీలు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచుల్లేక ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం లేదని కేంద్రం నిధులూ ఆగాయి. వీధిలైటు పోతే ఎవరిని అడగాలో తెలీని రెండేళ్లు. వీటి మీద నేను మాట్లాడగలిగాను. నన్ను నిలబెట్టి అడిగింది మాత్రం బోర్ల గురించి. మా తోట పక్కన మూడు నాలుగు చిన్న కమతాలున్నాయి. ఎండాకాలం వాళ్ల బోర్లు ఎత్తిపోయాయి, మాది పోస్తోంది. అవతలివాళ్లు దీన్ని బాగా పట్టుకున్నారు. మా నీళ్లన్నీ ద్రాక్షకే పోతున్నాయని. మాది డ్రిప్పు, వరికి పెట్టే నీళ్లలో మాకు పట్టేది కొంతే, ఫాం పాండ్ కూడా ఉంది అని చెప్పాను. లెక్కకు అది నిజమే. కానీ ఎండిన బోరు ముందు నిలబడి డ్రిప్పు గురించి చెబుతుంటే ఆ మాట నాకే తేలిగ్గా వినిపించింది. ఆ రైతు వినలేదని నేననను. విన్నాడు, "నీ బోరు ఎన్ని ఫీట్లు?" అని అడిగాడు. చెప్పాను. "మాది దాంట్ల సగం" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు.

ఎస్సీ కాలనీలో ఒక ముసలమ్మ అయితే డబ్బడగలేదు, పింఛన్ అడగలేదు. "గిన్నేండ్ల సంది ద్రాక్షలు తెంపుతుర్రు, ఒక్కనాడన్న ఒక గుత్తి నోట్ల వెట్టినవా?" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు కానీ ఆమె నవ్వలేదు. కాయ మార్చికి గానీ రాదు. ఉన్నా అప్పుడు ఇస్తే కోడ్ ఉల్లంఘన.

12వ తేదీ సాయంత్రం ఐదుకు మైకులు ఆగాయి. ఆ తర్వాతి రెండు రాత్రుల గురించి ఎక్కువ రాయను. ఊళ్లలో ఉన్నవాళ్లకు తెలుసు. ఎవరు ఎంతిచ్చారని ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. మా ఇంటి ముందుకూ వచ్చి నిలబడ్డారు, ద్రాక్షతోటోళ్లు ఇయ్యకపోతే ఎవరిస్తారని. నేను ఇవ్వనని చెప్పాను. నా తరఫున మా మరిది ఏం చేశాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

14 ఆదివారం పోలింగ్. ఏడింటికి మొదలు, ఒంటిగంటకు ఆఖరు. ఆ వారమంతా చలి వణికించింది, తొమ్మిది దాకా బడి ముందు పెద్దగా జనం లేరు. పట్నంలో ఉండే ఓటర్లు పదింటి తర్వాత కార్లలో దిగారు. రానూ పోనూ కిరాయి ఎవరో ఒకరు పెట్టుకునే ఉంటారు. అభ్యర్థికి లోపల పెద్దగా పనేం ఉండదు. ఏజెంట్లను చూసుకోవడం, వాళ్లకు టిఫిన్ అందిందా లేదా కనుక్కోవడం, అంతే. ముసలివాళ్లకు రెండు కాయితాలతో తికమక. తెల్లది వార్డు సభ్యుడికి, గులాబీ సర్పంచ్‌కు. మా ప్యానెల్ వార్డు అభ్యర్థిది గౌను గుర్తు. తెల్లకాయితం మీద కత్తెర లేదేంది బిడ్డా అని బయటికొచ్చి నన్నే అడిగిన అవ్వ కూడా ఉంది. ప్రచారంలో రెండు రంగుల నమూనా కాయితాలు చేతిలో పెట్టుకుని చూపించడం అందుకే అవసరం.

రెండింటికి కౌంటింగ్. ఇంత పట్టుకునే పని అని నాకు తెలీదు. పెట్టెలు తెరిచి తెల్లవి, గులాబీవి వేరు చేసి, మడతలు విప్పి, ఇరవై ఐదేసి కట్టలు కడతారు. ముందు వార్డుల లెక్క తేలింది, తర్వాత మాది. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్, నోటా, చెల్లనివి అని ట్రేలు పెట్టారు. మొదటి రౌండ్లలో కత్తెర ట్రేనే ఎత్తుగా ఉంది. బయట మావాళ్లెవరో పటాకులు కూడా కాల్చారు. తర్వాత ఫుట్‌బాల్ ఎక్కడం మొదలుపెట్టింది. రెండు గుర్తుల నడుమ గీత మీద పడ్డ ముద్రలు కొన్ని వచ్చాయి. ఒక్కోదాన్ని దీపం కింద పట్టుకుని, ముద్ర ఎటు ఎక్కువుందో ఎన్నికల అధికారి చూపించాడు. వాటిలో నాకు పోయినవీ ఉన్నాయి, వచ్చినవీ ఉన్నాయి. ఆరు దాటాక చెప్పారు. ఫుట్‌బాల్ గెలిచింది, వందకు లోపే తేడా. నోటాకు పడ్డవి, చెల్లనివి కలిపినా ఆ తేడా పూడదు కాబట్టి రీకౌంటింగ్ అడగలేదు. మరిది అడుగుదామన్నాడు. అభ్యర్థిని నేనే కదా, సంతకం నాదే.

ఉపసర్పంచ్ ఎన్నిక కూడా అప్పుడే అక్కడే అయిపోయింది. గెలిచిన వార్డు సభ్యుల్లో ముగ్గురు మావాళ్లు. అందులో ఒకరు చేతులెత్తే టైముకు అటు ఎత్తారు. కోపం రాలేదని చెబితే అబద్ధం. ఓడినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇంటికొచ్చాక అత్తమ్మ అన్నం పెట్టింది, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది, అది మాత్రం నాకు వింతే.

ఖర్చు గురించి అందరూ అడుగుతున్నారు. 2011 లెక్కల ప్రకారం ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి పరిమితి లక్షన్నర, ఐదు వేలు దాటితే రెండున్నర లక్షలు. నా లెక్కల పుస్తకంలో లక్షా ఇరవై వేల దాకా తేలింది. ఎక్కువ తిన్నది మైకు ఆటో, డప్పులవాళ్లు, తిరిగినవాళ్ల భోజనాలు. కరపత్రాలకు అనుకున్నంత కాలేదు. రోజూ రాత్రి పడుకునే ముందు బిల్లులు నంబరు వేసి పుస్తకంలో అంటించేదాన్ని. కూలీల మస్టర్ రాసే అలవాటు అక్కడ పనికొచ్చింది. పుస్తకంలోకి రానిది తోట నష్టం. ఆఖరి ఎకరం ముంచడానికి ఆలస్యమైంది. గింజ సైజు అక్కడ ఒక రకం, మిగతాచోట ఒక రకం. థిన్నింగ్ క్రిస్మస్ దాకా సాగింది. మార్కెట్లో దాని ధర ఎంత కోసుకుంటారో కాయ తెగాకే తెలుస్తుంది.

ఓడిపోయినవాళ్లు చాలామంది ఇక మనకేం పని అనుకుంటున్నారు. అట్లా కాదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్క మండల ఆఫీసులో ఇవ్వాలి, గెలిచినా ఓడినా. ఇవ్వకపోతే మూడేళ్లు ఎక్కడా పోటీ చేయనివ్వరు. మాకు జనవరి 28 గడువు. సంక్రాంతి అయ్యాక పోయి ఇచ్చాను. బిల్లులకు జిరాక్సు తీసుకుని, ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. అడగకపోతే ఇవ్వరు. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ తిరిగొస్తుంది కాబట్టి దానికీ దరఖాస్తు పెట్టాను. కౌంటర్లో ఉన్నామె వెయ్యి రూపాయలకు కూడా అర్జీ పెడతారా అన్నట్టు చూసింది. "ద్రాక్షతోట మీదే కదా మేడం?" అంది.

అవునన్నాను. ఖాతా నంబరు రాసిచ్చి వచ్చాను. ఇంకా పడలేదు.